నొప్పి ఎవరికి చెప్పాలి?

తుంటి మీద కొడితే మూతిపళ్లు రాలాయని సామెత. పొంతన లేని మాట విన్నప్పుడు నవ్వుకోవడానికి దాన్ని వాడతాం. ఆరేళ్లుగా నాకు ఆ సామెత వింటే నవ్వు రావడం లేదు. నా ఒంట్లో దెబ్బ నడుములో ఉంది, నొప్పి కాలి బొటనవేలిలో ఉంది.

నేను పాడేరు కొండల్లో పుట్టి పెరిగినవాణ్ణి. ఆశ్రమ పాఠశాలలో మాస్టారుని. ఆరేళ్ల కిందట వానాకాలంలో ఒక ఉదయం బడి వెనక కుళాయి దగ్గర బకెట్ ఎత్తబోతే నడుములో కలుక్కుమంది. పట్టేసిందిలే, రెండు రోజుల్లో పోతుంది అనుకున్నాను. మూడో రోజుకు నడుము నొప్పి తగ్గింది. దాని బదులు పిరుదు దగ్గర మొదలై, తొడ వెనకగా, పిక్క పక్కగా పాదం దాకా కరెంటు తీగ తాకినట్టు జివ్వుమనడం మొదలైంది. దగ్గితే జివ్వు. తుమ్మితే జివ్వు. కూర్చుంటే మరీ ఎక్కువ. రాత్రి ఏ పక్కకు తిరిగినా నిద్ర లేదు.

దీన్ని సయాటికా అంటారు. మన వాడుకలో తుంటినొప్పి. ఆయుర్వేదంలో దీని పేరు గృధ్రసి. గృధ్రం అంటే రాబందు. ఈ నొప్పి ఉన్నవాడి నడక ఆ పక్షి నడకలా ఉంటుందని ఆ పేరు పెట్టారట. తుంటినరం మనిషి ఒంట్లోని నరాలన్నిటిలోకీ పెద్దది. నడుము దిగువన వెన్నెముక నుంచి బయటికి వచ్చే ఐదు నరాల వేళ్లు కలిసి అదవుతుంది. వెన్నుపూసల మధ్య మెత్తల్లాంటి డిస్కులు ఉంటాయి. ఒక డిస్కు పక్కకు ఉబ్బినా, చిట్లి లోపలి గుజ్జు బయటికి వచ్చినా పక్కనున్న నరం వేరు నలుగుతుంది. ఆ వేరు ఎంతదూరం పోతుందో నొప్పి అంతదూరం పోతుంది. డిస్కుకూ ఈ నొప్పికీ ఉన్న సంబంధాన్ని 1934లో అమెరికాలోని బోస్టన్‌లో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు వైద్యులు గట్టిగా నిరూపించారు. అంటే పెద్ద వైద్యశాస్త్రానికే ఇది అంత త్వరగా అంతుపట్టలేదు.

నొప్పి గురించి ఇంత తెలుసుకున్నాక కూడా నాకు తెలియనిది ఒకటి మిగిలింది. దాన్ని ఇంకొకరికి ఎలా చెప్పాలి?

కాలు విరిగితే కట్టు కనిపిస్తుంది. జ్వరం వస్తే నుదురు కాలుతుంది. ఈ నొప్పికి అలాంటి సాక్ష్యం లేదు. స్టాఫ్ రూంలో కుర్చీ ఖాళీగా ఉన్నా గోడకు ఆనుకుని నిలబడేవాణ్ణి. తోటి మాస్టారు ఒకాయన నవ్వుతూనే అన్నాడు: "మనిషి చూస్తే దుక్కలా ఉన్నారు, నొప్పేటి మాస్టారూ?" సెలవు కాగితం పట్టుకుని వెళితే ఒక గుమాస్తా నన్ను కింది నుంచి పైదాకా చూసి, "నడిచే వచ్చారు కదండీ" అన్నాడు. నిజమే, నడిచే వచ్చాను. ఎలా నడిచి వచ్చానో రాయడానికి ఆ కాగితంలో గడి లేదు.

వైద్యం కోసం చాలా గుమ్మాలు తొక్కాను. మొదట సంతలో సూది వేయించుకున్నాను. ఒక పూట హాయి, మర్నాడు మళ్లీ మామూలే. నొప్పి మాత్రలు రోజూ మింగితే కడుపూ మూత్రపిండాలూ పాడవుతాయని అప్పట్లో నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

తర్వాత మా ఊళ్లో ఆకుమందులిచ్చే పెద్దయ్య దగ్గరికి వెళ్లాను. చాప మీద బోర్లా పడుకోబెట్టి, బొటనవేలితో నడుము నుంచి మడమ దాకా ఒత్తుకుంటూ పోయాడు. ఎప్పుడు ఎక్కువవుతుంది, ఏ పని చేస్తే పెరుగుతుంది, రాత్రి ఎలా పడుకుంటున్నావు అని ఒక్కొక్కటే అడిగాడు. వావిలాకు వేడిచేసి కాపడం పెట్టాడు. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి నిద్రపోయాను. అయితే పదిరోజుల తర్వాత ఆయనే నల్లజీడి రసం రాశాడు. చర్మం కాలి బొబ్బలెక్కింది. మానడానికి మూడు వారాలు పట్టింది. మచ్చ ఇప్పటికీ ఉంది, తుంటినొప్పి మాత్రం ఆ బొబ్బలకు బెదిరిపోలేదు.

ఆ తర్వాత ఘాట్ దిగి పట్నం వెళ్లాను. స్కానింగు తీయించారు. ఒక పెద్ద డాక్టరు ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసి, నా ముఖం చూడకుండానే ఆపరేషన్ అన్నాడు. బయట బల్ల దగ్గర అమ్మాయి ఖర్చు లెక్క చెప్పింది. ఆ మొత్తం విన్నాక మా పొలం గుర్తొచ్చింది. తాకట్టు పెట్టాలా, అమ్మాలా అని ఆలోచిస్తూ మెట్లు దిగాను.

చివరికి ఒక ప్రభుత్వాసుపత్రిలో ఒకావిడ చూసింది. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు మెల్లగా పైకెత్తింది. సగం ఎత్తేసరికి నేను అరిచాను. మడమల మీద నడవమంది, మునివేళ్ల మీద నడవమంది. బొటనవేలిని పైకి లేపమని, తన చేత్తో కిందికి నొక్కి బలం చూసింది. మూత్రం మామూలుగా వస్తోందా అని అడిగింది. అప్పుడు ఫిల్ము చూసింది. చూసి చెప్పింది: "నరం నలిగింది గానీ బలం తగ్గలేదు. ఇలాంటివాళ్లలో ఎక్కువమందికి కత్తి పడకుండానే కొన్ని వారాల్లో తగ్గుముఖం పడుతుంది. మంచం ఎక్కి కూర్చోకండి, నడవండి. కాలి బలం తగ్గితే మాత్రం ఆగకుండా రండి."

ఆమె చెప్పింది పొరపాటు కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. 2007లో నెదర్లాండ్స్ వైద్యులు త్వరగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లనూ, కొన్నాళ్లు ఆగి చూసినవాళ్లనూ పోల్చారు. ఆపరేషన్ అయినవాళ్లకు నొప్పి త్వరగా తగ్గింది. ఏడాది గడిచేసరికి రెండు గుంపుల పరిస్థితీ దాదాపు ఒకటే. ఆపరేషన్ చెడ్డదని దీని అర్థం కాదు. కొందరికి అది తప్పనిసరి. తొందరపెట్టి పొలం అమ్మించాల్సిన అవసరం అందరికీ ఉండదని మాత్రం అర్థం.

ఇంకో సంగతి నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. నొప్పి ఏమాత్రం లేని మనుషుల స్కానింగులు చూసిన పరిశోధనలన్నిటినీ 2015లో కొందరు కలిపి లెక్కగట్టారు. ఇరవై ఏళ్లవాళ్లలో నూటికి 30 మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో నూటికి 84 మందికి డిస్కు ఉబ్బు ఉంది. వాళ్లకు నొప్పి లేదు! అంటే ఫిల్ము కూడా నొప్పికి సాక్ష్యం కాదు. ఫిల్ములో ఉబ్బు ఉన్నవాడికి నొప్పి ఉండాలని లేదు, నొప్పి ఎంతుందో ఫిల్ము చెప్పదు. ఎంత పెద్ద యంత్రం పెట్టినా, చివరికి మనిషి తన నోటితో చెప్పే మాట దగ్గరికే రావాలి. నొప్పిని అధ్యయనం చేసే అంతర్జాతీయ వైద్యుల సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరించినప్పుడు, నొప్పి ఉందని మనిషి చెప్పే మాటను గౌరవించాలని అందులోనే రాసుకుంది.

ఇది మందుల సంగతిలా కనిపించినా అసలు నీతికి సంబంధించిన ప్రశ్న. చూడలేనిదాన్ని, కొలవలేనిదాన్ని, కేవలం ఎదుటి మనిషి మాట మీద నమ్మాల్సిన బాధ్యత మనకు ఉందా? అబద్ధం చెప్పేవాళ్లు ఉంటారు గదా అంటారు. ఉంటారు. అబద్ధాన్ని నమ్మితే ఒకరోజు పని పోతుంది. నిజాన్ని నమ్మకపోతే ఏం పోతుందో నాకు మా అమ్మ దగ్గర తెలిసింది.

మా ఊరు రోడ్డుకు పైన ఉంటుంది. మాది అంత్యోదయ కార్డు. నెలకు 35 కిలోల బియ్యం. అయ్య పోయాక వాటిని డిపో నుంచి కొండ మీదికి నెత్తిన పెట్టుకుని తెచ్చింది అమ్మే. దారిలో రెండు చోట్ల బండ మీద దించి మళ్లీ ఎత్తుకునేది. అది నెలకోసారి. కట్టెలమోపు, నీళ్లబిందె, పోడులో చోళ్ల మూట రోజువారీ. మనుషులు మోసే బరువు మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో ఒక సిఫార్సు చేసింది. మగ కూలీ మోసేది 55 కిలోలు దాటితే తగ్గించే ఏర్పాటు చేయాలని, ఆడవాళ్లకు అంతకంటే బాగా తక్కువ ఉండాలని. ఆ సిఫార్సు మా కొండ ఎక్కలేదు.

నాకు పదిహేనేళ్లున్నప్పటి నుంచీ అమ్మ కుడిచేయి తొడ మీద ఆనించి నడిచేది. రాత్రిపూట మోకాళ్లు ముడుచుకుని ఒకే పక్కకు పడుకునేది. కూర్చుని లేచేటప్పుడు గుంజ పట్టుకునేది. ఇవన్నీ నేను చూశాను. చూసి, వయసు మీద పడుతోంది అనుకున్నాను. అప్పటికి ఆమెకు నలభై కూడా లేవు.

నా కాలు జివ్వుమన్నాక, ఒకరోజు నేనూ తొడ మీద చేయి ఆనించి గుమ్మం దాటాను. దాటుతూ ఆగిపోయాను. ఆ నడక నాకు తెలుసు. పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మను అడిగాను: "అమ్మా, నీకూ ఇలాగే ఉండేదా?"

"ఉండీది బాబూ" అంది. "మరి చెప్పలేదేం?" అన్నాను. "ఎవులికి సెప్తాను? సెప్తే బియ్యం ఎవులు మోస్తారు?"

ఆమెను కూడా ఆ డాక్టరమ్మ దగ్గరికే తీసుకెళ్లాను. మడమల మీద నడవమంటే కుడిపాదం లేవలేదు. కొన్నేళ్లుగా ఆ కాలి చెప్పు జారిపోయినా తెలిసేది కాదని అమ్మ అక్కడ, నా ముందు, మొదటిసారి చెప్పింది. నరం చాలాకాలం నలిగిందని, పోయిన బలం పూర్తిగా తిరిగి వస్తుందని చెప్పలేనని డాక్టరమ్మ అంది. అమ్మ తల ఊపింది. నేను కిటికీ వైపు తిరిగాను.

మనకు ఓర్పు గొప్ప గుణమని నేర్పారు. కింది ఊళ్లవాళ్లు కూడా మెచ్చుకుంటారు, "కొండోళ్ల ఒళ్లు గట్టిది" అని. ఆ మాట విని చిన్నప్పుడు నేనూ ఛాతీ విరుచుకున్నాను. ఇప్పుడు ఆ మెప్పు వెనక ఉన్న లెక్క కనిపిస్తోంది. గట్టివాళ్లని పేరు పడినవాళ్లకు మందు ఆఖర్న అందుతుంది. నొప్పి తెలియని మనుషులకు రోడ్డెందుకు, నడుము చూసే డాక్టరెందుకు, వ్యాయామం నేర్పే మనిషెందుకు? మన ఓర్పును మెచ్చుకునేవాళ్లకు దాని వల్ల ఖర్చు మిగులుతోంది.

ఓర్పు ఉత్తదేనా మరి? అలా అనలేను. ఎందుకంటే నేను ఇప్పుడు బతుకుతున్నది ఓర్పు మీదే. డాక్టరమ్మ చెప్పినట్టే నా నొప్పి మూడు నెలల్లో చాలావరకు తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు. చలికాలం ఉదయాల్లో, బైకు మీద గతుకుల్లో పోయిన రోజున మళ్లీ వస్తుంది. వచ్చినప్పుడల్లా గుండెలు బాదుకుంటే ఆ రోజు పాఠం ఉండదు. కాబట్టి నేర్పిన నాలుగు వ్యాయామాలు చేసుకుంటాను, ముప్పావు గంటకోసారి లేచి నడుస్తాను, నేల మీది వస్తువును నడుము వంచి కాకుండా మోకాళ్లు వంచి తీస్తాను, మిగిలినదాన్ని భరిస్తాను. ఇదీ ఓర్పే. అమ్మదీ ఓర్పే. రెండూ ఒకటేనా?

నేను చేయగలిగినదంతా చేశాక మిగిలిన నొప్పిని ఓర్చుకుంటున్నాను. అమ్మ ఏమీ చేయడానికి వీల్లేక మొత్తం నొప్పిని ఓర్చుకుంది. నాకు చెప్పుకునే చోటు ఉంది, సెలవు ఉంది, జీతం ఉంది. ఆమెకు వేరే దారి లేదు. దారి ఉండి భరించేవాడిది గుణం. దారి లేక భరించేవాళ్లను పొగిడి ఊరుకుంటే, ఆ పొగడ్త మనం చేయని పనికి ముసుగు. ఓర్పును ఎవరికి వాళ్లు తమకోసం ఎంచుకోవచ్చు. ఇంకొకరికి అప్పగించే హక్కు ఎవరికీ లేదు.

నేను కూడా అలా అప్పగించినవాణ్ణే. నాకు ఈ నొప్పి రాకముందు మా బడిలో ఏడో తరగతి గుంటడొకడు తరచూ కాళ్లూ చేతులూ పీకుతున్నాయని శ్రమదానం రోజున పక్కకు కూర్చునేవాడు. పని దొంగ అన్నాను. ఒకరోజు ఎండలో నిలబెట్టాను. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా వాడు మారు మాట్లాడలేదు. నేను దాన్ని తప్పు ఒప్పుకోవడం అనుకున్నాను. తర్వాతి ఏడాది రక్తపరీక్షలో వాడికి సికిల్ సెల్ అని తేలింది. ఎముకల్లో ప్రాణం పోయేంత నొప్పి తెచ్చే జబ్బు అది. మన పిల్లల్లో చాలామందికి ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో అదీ ఒకటి. ఎండలో నిలబెట్టడం, నీళ్లు తాగకపోవడం ఆ పిల్లలకు ఎంత ప్రమాదమో నాకు అప్పుడు తెలియదు. తెలియకపోవడం నా తప్పు కాకపోవచ్చు. అడగకపోవడం మాత్రం నా తప్పే. ఆ గుంటడు ఆ తర్వాత వేరే బడికి వెళ్లిపోయాడు. మొన్న సంతలో కనిపిస్తే ఆపి, "ఆ రోజు నిన్ను నమ్మలేదురా, తప్పు నాదే" అన్నాను. వాడు సిగ్గుపడి, "పర్లేదు మాస్టారూ" అన్నాడు. పర్లేదనడం కూడా మనవాళ్లకు చిన్నప్పుడే అలవాటైపోతుంది.

తోటి మాస్టార్లకు నా మనవి ఒకటే. పిల్లాడు నొప్పి అన్నప్పుడు నిజమా అబద్ధమా అని తేల్చే పని మనది కాదు. ఎక్కడ, ఎప్పటి నుంచి, ఏం చేస్తే పెరుగుతుంది అని అడగడం మనది. మా పెద్దయ్య ఆ మూడూ అడిగాడు. డాక్టరమ్మా అడిగింది. చదువు వేరైనా ఇద్దరి మొదటి పనీ ఒకటే, మనిషిని నమ్మి చేయి వేయడం. తేడా అల్లా, ఎక్కడ తన చేయి దాటిపోతుందో ఆమెకు తెలుసు.

అందుకే యువతకు చెబుతున్నాను. మీ ఇంట్లో ఎవరికైనా ఈ నొప్పి వస్తే, వైద్యం చేసేది తాతయ్యైనా పట్నం డాక్టరైనా మూడు మాటలు అడగండి. ఇది ఏమై ఉంటుంది? ఏమీ చేయకుండా ఆగితే ఏమవుతుంది? ఏ గుర్తు కనిపిస్తే పరుగెత్తుకు రావాలి? మూడోదానికి జవాబు నేనే చెబుతాను, బట్టీ పట్టండి. మూత్రం ఆగిపోయినా, మూత్రం గానీ విరేచనం గానీ పట్టు తప్పినా, తొడల మధ్య కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, కాలి బలం తగ్గిపోతున్నా తెల్లారేదాకా ఆగకూడదు. డోలీ కట్టైనా ఆ పూటే పెద్దాసుపత్రికి దించాలి. కాల్చి వాతలు పెట్టనివ్వకండి. నల్లజీడి రాయనివ్వకండి. వావిలాకు కాపడం పెట్టుకుంటే అడ్డు చెప్పకండి, చర్మం కాలకుండా చూడండి.

ఇంకో పని కూడా మీదే. మీ ఇంట్లో బరువు ఎవరు మోస్తున్నారో చూడండి. ఎవరు ఏ పక్కకు ఒరిగి నడుస్తున్నారో చూడండి. వాళ్లు చెప్పేదాకా ఆగకండి, వాళ్లకు చెప్పే అలవాటు లేదు.

ఇప్పుడు మా బియ్యం మా అన్న కొడుకులిద్దరు మూడు విడతలుగా తెస్తారు. అమ్మ కర్ర పట్టుకుని నడుస్తుంది. కుడికాలికి వెనక పట్టీ ఉన్న చెప్పు కొన్నాను, జారిపోకుండా. మొన్న ముసురు పట్టిన రోజు పొద్దున్నే, నేను అడక్కముందే, "ఇయ్యాల నొప్పిగా ఉంది బాబూ" అంది. ఆమె నోట ఆ మాట రావడానికి ముప్పై ఏళ్లు పట్టింది. నేను బైకు తాళం పక్కన పెట్టి, ఎక్కడ అమ్మా అని అడిగాను.